కొంగ రికార్డుకు బొట్టు

బహ్రెయిన్‌లోని జుఫైర్‌లో హోటళ్ల వెనక సందులో ఉన్న తొమ్మిదంతస్తుల బిల్డింగుకు పోశన్న నాతూర్. నాతూర్ అంటే అరబ్బీలో కాపలా మనిషి. ఒట్టి కాపలాయే అయితే హాయిగానే ఉండును. నీళ్ల ట్యాంకు నింపాలి, ఇరుక్కున్న లిఫ్టు తెరవాలి, చెత్త దించాలి, కార్లు తుడవాలి, ఎవరి పార్సిల్ వచ్చినా తీసుకుని పెట్టాలి. యాభై నాలుగు ఫ్లాట్లు, ఆరేడు దేశాల జనం. అందరికీ అతను "నాతూర్" అంతే. పదేళ్ల నుంచీ రోజూ సలాం కొట్టించుకుంటున్న పెద్దమనుషులకు కూడా అతనికో పేరుంటుందన్న అనుమానం రాలేదు. పేరు పెట్టి పిలిచేవాడు ఒక్కడే, నాలుగో అంతస్తులో ఒంటరిగా ఉండే ముసలి ఇంగ్లీషాయన రోలండ్ సాబ్. అదీ "పోషానా" అని పిలిచేవాడు. పోశన్నకు ఆ పిలుపే తీపి.

పోశన్నది జగిత్యాల పక్కన పల్లె. ఇరవై నాలుగేళ్ల వయసులో వచ్చాడు, ఇప్పుడు యాభై దాటాయి. ఊళ్లో వాళ్లకు ఇదీ దుబాయే. "బహ్రెయిన్ వేరే దేశం" అని అతను మొదట్లో రెండు మూడుసార్లు చెప్పి చూశాడు. "ఔ గని, దుబాయిల ఏడ?" అని అడిగారు. ఇక ఊరుకున్నాడు. పద్ధెనిమిదేళ్లు కన్‌స్ట్రక్షన్‌లో పనిచేశాడు. సఖీర్ ఎడారిలో కార్ల పందేల ట్రాకు కట్టేటప్పుడు కాంక్రీటు మోసినవాళ్లలో అతనొకడు. దానిమీద ఒక్క కారు ఉరకగా చూసింది లేదు. చివరికి నడుము పట్టేస్తే, మోసే పని ఖలాస్ అనేసి కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, ఈ బిల్డింగు మెట్ల కింద గదిలో కూర్చోబెట్టాడు.

లేబర్ క్యాంపులో ఉన్నన్నాళ్లు గదికి పన్నెండు మంది. గురకలు, గొడవలు, ఒకడి సబ్బు ఇంకొకడు వాడాడని పంచాయితీలు. అప్పుడు తనొక్కడికే ఓ గది దొరికితే చాలని మొక్కుకున్నాడు. దొరికాక తెలిసింది, గోడలతో పంచాయితీ పెట్టుకోలేమని. ఇంటికి రోజూ ఫోన్ చేసేవాడు. భార్య భూలక్ష్మి బీడీలు చుడుతుంది. ఫోను పక్కన పెట్టుకునే చుడుతుంది.

"తిన్నవా?"

"తిన్న. నువ్వు?"

"తిన్న."

ఆ తర్వాత అవతల తునికాకు కత్తిరించే చప్పుడే. కోపం ఉండి కాదు. ఇరవై ఎనిమిదేళ్లలో అతను లేకుండా బతకడం ఆమెకు అలవాటైపోయింది. రెండేళ్లకోసారి ఇంటికి పోతే కొత్త దుప్పటి వేసి, చుట్టానికి వేసినట్టు మంచం వేసేది.

ఇక రోలండ్ సాబ్. ఓడలు బాగుచేసే యార్డులో ఇంజనీరుగా వచ్చి, నలభై ఏళ్లు చేసి, రిటైరై, వెళ్లిపోవడానికి ఎవరూ లేక ఇక్కడే ఉండిపోయిన మనిషి. యార్డులో పాకిస్తానీలతో, మలయాళీలతో మాట్లాడీ మాట్లాడీ వంకరటింకర హిందీ పట్టుబడింది. పోశన్నదీ అలాంటి హిందీయే. వాళ్లు మాట్లాడుకుంటుంటే లక్నోవాడెవడైనా వింటే ఏడుస్తాడు. అందుకని వాళ్ల మాటలు ఇక్కడ మన భాషలోనే చెప్పుకుందాం.

నాలుగేళ్ల కిందట ఒక శుక్రవారం ఏసీ నీళ్లు కారుతున్నాయని పిలిస్తే పోశన్న పైకి వెళ్లాడు. పైపు సరిచేస్తుండగా హాల్లో పాట మొదలైంది. పెద్ద పళ్లెం లాంటి నల్ల రికార్డు, మీద ముల్లు. ఆ పాటలు పాటల్లా లేవు. ఒక తీగ వాయిద్యం నీళ్లలోంచి వస్తున్నట్టు మోగుతోంది, ఎవరో వెనక నుంచి ముందుకు పాడుతున్నారు, మధ్యలో గంటలు. పోశన్న మనసులో "గిదేం పిచ్చి" అనుకున్నాడు. అయితే నాలుగో పాటలో డ్రమ్ము మొదలైంది, నింపాదిగా, ఒకే లెక్కన. పోశన్న చేతులు పైపు మీద ఆగిపోయాయి. స్లాబు పోసేటప్పుడు మనుషులు వరుసగా నిలబడి కాంక్రీటు తట్టలు అందించుకుంటారు. అందుకో, తిరుగు, ఇయ్యి, తిరుగు. ఆ లెక్క తప్పితే తట్ట కాలి మీద పడుతుంది. సరిగ్గా ఆ లెక్కే. చూస్తే అతని నడుము పైభాగం దానంతటదే అటూ ఇటూ తిరుగుతోంది.

రోలండ్ సాబ్ గమనించాడు. పాట అయ్యాక ముల్లు ఎత్తి, "కూర్చో పోషానా, మళ్లీ వేస్తాను" అన్నాడు. పోశన్న కింద కూర్చోబోతే కుర్చీ చూపించాడు.

అది మొదలు ప్రతి శుక్రవారం, మధ్యాహ్నం డ్యూటీ లేని మూడు గంటలూ నాలుగో అంతస్తులోనే. సాబ్ తానే టీ పెట్టేవాడు, పాలు వేరే, చక్కెర వేరే. గిన్నె కడిగిన నీళ్లలా ఉండే ఆ టీని పోశన్న ఒక్క చుక్క మిగల్చకుండా తాగేవాడు. కొద్దికొద్దిగా కథ తెలిసింది. ఆ రికార్డులో పాడింది రోలండ్ సాబే. ఇరవై ఏళ్ల వయసులో ముగ్గురు దోస్తులతో కలిసి బ్యాండు కట్టాడు. పేరు 'బ్రాస్ హెరాన్', అంటే ఇత్తడి కొంగ. ఏ కంపెనీ వాళ్లను గడప తొక్కనివ్వలేదు. తామే రికార్డు చేయించి, తొంభైతొమ్మిది కాపీలు తీయించారు. అట్టల మీద కొంగ బొమ్మ నలుగురూ చేత్తోనే గీశారు. కొన్నవాళ్లు పట్టుమని పదిమంది లేరు. మిగిలినవి ఎవరి ఇంట్లో చెమ్మకు వాళ్ల ఇంట్లో పాడయ్యాయి. బ్యాండూ పోయింది, దోస్తులూ చెల్లాచెదురయ్యారు. సాబ్ దగ్గర మిగిలింది ఒక్క కాపీ.

"ఇంత మంచిగుంటే ఎందుకు కొనలే?" అని పోశన్న అడిగాడు.

"మంచిగుందని నువ్వే అంటున్నావు" అన్నాడు సాబ్.

పోయినేడు ఎండాకాలంలో ఒక ఉత్తరం వచ్చింది. ఇలాంటి మరుగునపడ్డ రికార్డులు వెతికి మళ్లీ తెచ్చే కుర్రవాడెవడో ఇంగ్లండు నుంచి రాశాడు. మీ కాపీ కావాలి, నవంబరులో నేనే మిషన్ పట్టుకుని వచ్చి పాటలు ఎక్కించుకుంటాను, అని. ఆ రోజు రోలండ్ సాబ్ లిఫ్టు కోసం ఆగకుండా మెట్లు దిగి వచ్చాడు, డెబ్బై మూడేళ్ల మనిషి, ఉత్తరం పట్టుకుని, పోశన్న గదికి. యాభై ఏళ్ల తర్వాత ఎవరో వింటామన్నారు. ఆ సంతోషం చెప్పుకోవడానికి ఆయనకూ ఆ బిల్డింగులో నాతూర్ తప్ప ఎవరూ లేరు.

అక్టోబరులో దసరా వచ్చింది. మనవైపు దసరాకు పనిముట్లను కడిగి, పసుపు కుంకుమలు పెట్టి మొక్కుతారు. కొడవలైనా, ట్రాక్టరైనా, కుట్టుమిషనైనా. క్యాంపులో ఉన్నప్పుడు కాంక్రీటు మిక్సరుకూ, పారలకూ, కంపెనీ బస్సుకూ బొట్లు పెట్టేవాళ్లు. కానీ నాతూర్‌కు పనిముట్టేది? ఓ ఏడాది లిఫ్టు తలుపుకు పెడితే ఎవరో ఫోటో తీసి ఓనరుకు పంపారు, అది తుడిచేదాకా తిట్లు తిన్నాడు. తాళాల గుత్తికి పెడదామంటే అదేదో జైలువాడి పూజలా అనిపించింది.

సరిగ్గా ఆ పండుగ రోజే రోలండ్ సాబ్ గుండె పరీక్షలకని ఆస్పత్రిలో చేరి, బాల్కనీలో పుదీనా కుండీలకు నీళ్లు పొయ్యమని తాళంచెవి ఇచ్చిపోయాడు. పోశన్న స్నానం చేసి, నీళ్లు పోశాడు. తర్వాత రికార్డు మిషన్ ముందు నిలబడ్డాడు. గిన్నెలో పసుపు కలిపి తెచ్చుకునే ఉన్నాడు, అంటే ముందే అనుకున్నాడన్నమాట. మిషన్ మూతకు మూడు బొట్లు పెట్టాడు. అక్కడితో ఆగితే ఈ కథే లేదు. సాబ్ పట్టుకున్నట్టే అంచులు పట్టుకుని రికార్డు బయటికి తీశాడు. మధ్యలో కాగితం మీద పెడితే అక్షరాలకు మరక అంటుతుంది. అందుకని బాగా ఆలోచించి, తుడిస్తే పోయే నల్లభాగం మీద బొటనవేలితో పెద్ద పసుపు బొట్టు పెట్టి, దాని నడుమ కుంకుమ అద్దాడు. అగరుబత్తి వెలిగించి, కళ్లు మూసుకుని, నవంబరుకు వచ్చే పిల్లగానికి పాట మంచిగ వినపడాలని మొక్కాడు.

గంట తర్వాత తుడవబోతే మూత మీది బొట్లు పోయాయి గానీ, రికార్డు మీది ఎండిన పసుపు రాలేదు. తడిగుడ్డతో రుద్దాడు. గీతల్లో ఇరుక్కున్న పచ్చదనం పోకపోతే గిన్నెలు తోమే పీచు తెచ్చి, మెల్లిగానే, శుభ్రమయ్యేదాకా రుద్దాడు. తళతళలాడింది. అట్టలో పెట్టి వచ్చాడు. ఆ సాయంత్రం భూలక్ష్మికి ఫోన్ చేసి "పండుగ మంచిగ చేసిన" అని కూడా చెప్పాడు.

శుక్రవారం వచ్చింది. నాలుగో పాట. తట్టలు చేతులు మారుతున్నాయి, పోశన్న మోకాలి మీద వేళ్లు ఆడిస్తున్నాడు. టక్! ముల్లు ఎగిరి ఎక్కడో పడింది. మళ్లీ టక్! సాబ్ రికార్డును తీసి కిటికీ వెలుతురులో వాలుగా పట్టి చూశాడు. బొటనవేలంత మేర గీకుడు.

ఆయన ముఖం పాలిపోయింది. "సాయికుమారి" అన్నాడు.

సాయికుమారి వారానికోసారి వచ్చి ఇల్లు తుడిచే మనిషి. కోనసీమ పిల్ల, ముప్ఫై ఉంటాయి, నువైద్రాత్ అనే ఊళ్లో ఉంటుంది. ఒకసారి మిషన్ మూతను స్ప్రే కొట్టి తుడిచి ఆయనతో మాట పడింది. ఆస్పత్రి నుంచి వచ్చిన మర్నాడే ఆమె వచ్చి తుడిచిపోయింది. ఇంకెవరు చేస్తారు? సాబ్ అక్కడే ఫోన్ చేసి, అరవలేదు, "ఇక రావద్దు" అని మాత్రం అన్నాడు.

పోశన్న ఎదురు కుర్చీలో కూర్చునే ఉన్నాడు. నోరు తెరిస్తే సరిపోను. తెరవలేదు. చెప్తే ఏమవుతుందో లెక్క వేసుకుంటున్నాడు. ఈ కుర్చీ పోతుంది, ఆ టీ పోతుంది, పేరు పెట్టి పిలిచే ఒక్క నోరూ మూసుకుంటుంది. శుక్రవారం కూడా మిగతా ఆరు రోజుల్లాగే అయిపోతుంది. టీ సగం వదిలేసి కిందికి వచ్చాడు. పిరికితనమే, ఇంకో పేరు పెట్టడానికి లేదు.

రెండు రోజులకు సాయికుమారి అతని గదికి వచ్చింది.

"నా ఒట్టు అన్నయ్యా, ఆ పళ్లాన్ని నేను ముట్టుకోలేదండి. మూత తుడిచినందుకే ఒకసారి చీవాట్లు తిన్నాను, మళ్లీ దాని జోలికెందుకెళ్తానండి? ఇప్పుడు ఆరో ఫ్లోరోళ్లు కూడా మానెయ్యమన్నారు. సామాన్లు పాడుచేస్తానని పేరొచ్చేసిందండి నాకు. మీరు చెప్పండన్నయ్యా. మీ మాటయితే ఆయన వింటారు."

"చెప్త తియ్యమ్మా" అన్నాడు పోశన్న, ఆమె వైపు చూడకుండా.

చెప్పలేదు. సోమవారం చెప్పలేదు, మంగళవారం చెప్పలేదు. కార్లు తుడుస్తూ, తుడిచిన కారే మళ్లీ తుడిచాడు. 'దేవునికి మొక్కి చేసిన పని, దొంగతనం గాదు గద' అని తనకు తనే చెప్పుకున్నాడు. మరి మొక్కినప్పుడు లేని భయం చెప్పడానికి ఎందుకొచ్చింది?

శుక్రవారం పైకి వెళ్లాడు. కూర్చోలేదు.

"సాబ్, ఆ పిల్ల జెయ్యలే. నేనే చేసిన."

రోలండ్ సాబ్‌కు మొదట అర్థం కాలేదు. పోశన్న మొత్తం చెప్పాడు, పసుపు, కుంకుమ, తడిగుడ్డ, పీచు, ఏదీ దాచకుండా. ఇంగ్లండు కుర్రవాడు రావడానికి ఇంకా పదిరోజులే ఉంది.

"ఎందుకు?" అన్నాడు సాబ్. "దానిమీద పసుపు ఎందుకు పెట్టావు?"

"మా దిక్కు పండుగ రోజు అన్నం పెట్టేదానికి మొక్కుతం సాబ్. నాకు ఈడ ఏమున్నది? తాళాలు ఓనరువి, టార్చి కంపెనీది. ఏదన్న నాది ఉన్నదా అని ఎతికిన. ఈ పాట దొరికింది. ఇది ఉన్నది గాబట్టే నాకు శుక్రారం అస్తది. తప్పయింది. తిట్టున్రి. ఆ పిల్లను మాత్రం పిలువున్రి."

సాబ్ తిట్టలేదు. లేచి బాల్కనీలోకి పోయి, పుదీనా కుండీల దగ్గర వీపు తిప్పి నిలబడ్డాడు. కిందికి పోవాలో ఉండాలో తెలియక పోశన్న చేతులు కట్టుకుని నిలుచున్నాడు. తిట్టినా బాగుండు అనిపించింది.

ఆయన లోపలికి వచ్చి రికార్డు వేశాడు. పోశన్నకు కుర్చీ చూపించాడు. ఒకటో పాట, రెండోది, మూడోది. నాలుగో పాటలో గీకుడు దగ్గరికి రాగానే ముల్లు ఎత్తేశాడు. డ్రమ్ము ఆగిపోయింది. అప్పుడు రోలండ్ సాబ్, నాలుగేళ్లలో ఒక్కసారి కూడా కూనిరాగమైనా తీయని మనిషి, కుర్చీ చేతిమీద వేళ్లతో లెక్క వేస్తూ, పోయిన ఆ రెండు చరణాలు తానే పాడాడు. రికార్డులోని కుర్రగొంతు కాదు. అరిగిన గొంతు, పైకి పోయేచోట చీలింది, ఊపిరి చాలక ఒకచోట ఆగింది. పాడి, ముల్లును గీకుడు దాటించి మెల్లిగా దించాడు. పాట మిగతాది నడిచింది.

పోశన్న ఏడుస్తున్నాడు. సాబ్ అటు చూడలేదు. "ఫోను నువ్వే చెయ్యి" అన్నాడు. "మీ భాషలో చెప్పు. నేను పొరబడ్డానని చెప్పు."

సాయికుమారి మళ్లీ వచ్చింది. ఆరో ఫ్లోరుకు సాబ్ స్వయంగా వెళ్లి చెప్పి వచ్చాడు. ఆ తర్వాత ప్రతి శుక్రవారం అదే పద్ధతి. గీకుడు రాగానే ముల్లు పైకి, ఆయన పాట, మళ్లీ ముల్లు కిందికి. పోశన్న వేళ్లు మాత్రం ఆగకుండా లెక్క నడిపించేవి.

నవంబరులో కుర్రవాడు వచ్చాడు, రికార్డు చూసి నొచ్చుకున్నాడు. అయితే నష్టమేమీ లేదట. బ్యాండులో డ్రమ్ము వాయించినతను చనిపోతే అతని ఇల్లు ఖాళీ చేసినవాళ్లకు ఒక్క గీతైనా పడని కాపీ దొరికిందట. దానితోనే పని జరుగుతుందన్నాడు. తన గీకుడు వల్ల సాబ్ పాట ఆగిపోలేదని పోశన్నకు గుండెల మీద బరువు దిగింది.

ఫిబ్రవరిలో రోలండ్ సాబ్ గుండె మళ్లీ మొరాయించింది. ఇంగ్లండు నుంచి చెల్లెలి కొడుకు వచ్చి తీసుకుపోయాడు. పోశన్న పెట్టెలు టాక్సీలో పెట్టాడు. సాబ్ చెయ్యి కలిపి, "పోషానా" అన్నాడు. రికార్డు ఆయనతోనే పోయింది. ఏప్రిల్‌లో సాబ్ చనిపోయాడని సాయికుమారి ఫోనుకు ఆ మేనల్లుడి నుంచి వార్త వచ్చింది. ఫ్లాటులోకి ఎవరో కొత్త దంపతులు దిగారు. పుదీనా కుండీలు కిందికి దించి చెత్తలో వేయమన్నారు.

జూన్‌లో ఒక శుక్రవారం మధ్యాహ్నం సాయికుమారి పని ముగించుకుని పోశన్న గదికి వచ్చింది.

"అన్నయ్యా, నవంబరులో వచ్చి నా నంబరు తీసుకెళ్లిన ఆ ఇంగ్లీషబ్బాయి పంపించాడండి. సాబ్‌గారి పాటలు ఫోన్‌లోకొచ్చేసినాయట. మీకు వినిపించమన్నాడు."

తెర మీద కొంగ బొమ్మ ఉంది. పోశన్న ముఖం కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. ఆమె నాలుగో పాట పెట్టింది. డ్రమ్ము మొదలైంది. అందుకో, తిరుగు, ఇయ్యి, తిరుగు. వేళ్లు మోకాలి మీదికి వెళ్లాయి. ఆ చోటు రాబోతుండగా పోశన్న ఊపిరి బిగబట్టాడు.

పాట ఆగలేదు. ఆ రెండు చరణాలూ కుర్రగొంతుతో నున్నగా పాడేసి ముందుకు పోయింది.

"ఏమైందన్నయ్యా?"

"ఆగలే."

"ఎందుకాగుద్దండి? ఇది శుభ్రమైన కాపీ కదా."

"మల్ల ఒక్కసారి పెట్టమ్మా" అన్నాడు పోశన్న. ఫోను తన చేతిలోకి తీసుకున్నాడు. నాలుగో పాట మళ్లీ మొదలై, ఆ చోటికి వచ్చింది. అతను బొటనవేలు తెర మీద పెట్టి పాటను ఆపాడు. మోకాలి మీద వేళ్లతో, సాబ్ పాడే ఆ రెండు చరణాలంత సేపు లెక్క వేశాడు. ఏసీ చప్పుడు తప్ప గదిలో ఏమీ లేదు.

లెక్క పూర్తయ్యాక, ఆ రెండు చరణాలూ దాటేదాకా పాటను తెర మీద ముందుకు జరిపి, మళ్లీ వేలు పెట్టాడు. మిగిలిన పాట వినిపించింది.